నేను వెళ్ళని ఇల్లు

పద్నాలుగేళ్ళుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. అందులో మూడే మాటలు. రాసింది నా చెయ్యే. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా, అన్నం కలుపుకుంటున్నా, ఎవరైనా నన్ను మెచ్చుకుంటున్నా ఉన్నట్టుండి గుర్తొస్తుంది. అప్పుడు లేచి రెండడుగులు నడుస్తాను. మళ్ళీ కూర్చుంటాను. ఎక్కడా కుదురుండదు.

మీకు చెబుతున్నానంటే కారణం ఒక్కటే. మీరు నన్నెరగరు. ఎరిగినవాళ్ళు నన్ను మంచివాడనుకుంటారు.

నారాయణఖేడ్‌లో బస్ డిపోకు కొంచెం అవతల, ఒక మేడ మీద, ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పే కేంద్రం ఉంది. అందులో నేను పనిచేస్తాను. కుట్టు నేర్పేది టీచరమ్మ. ఊళ్ళు తిరిగి పేదింటి ఆడవాళ్ళను చేర్పించడం, మూడు నెలల శిక్షణ అయ్యాక హైదరాబాద్ వైపు బట్టల కంపెనీల్లో ఉద్యోగం చూపించడం నా పని.

ఇందులో ఒక పద్ధతి ఉండేది. కంపెనీ ఎంచుకున్న ప్రతి మనిషి ఇంటికీ నేను వెళ్ళాలి. ఇంటివాళ్ళు ఒప్పుకుంటే భర్తతోనో తండ్రితోనో కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ సంగతి కింద నేను రాస్తే సరిపోతుంది. అంటే, ఒప్పుకోవాలంటే వాళ్ళ సంతకం కావాలి. కాదన్నారనడానికి నా రాత చాలు. పనికి వెళ్ళవలసిన ఆమెను మాత్రం ఆ కాగితం ఏమీ అడగదు. అప్పట్లో ఇందులో నాకు వింత ఏదీ కనిపించలేదు.

ఆ ఏడు మార్త వచ్చింది. నాగల్‌గిద్ద మండలంలో, కర్ణాటక సరిహద్దుకు ఆనుకున్న చిన్న ఊరు ఆమెది. ఖేడ్‌లో వాళ్ళ చిన్నమ్మ ఇంట్లో ఉండి పని నేర్చుకుంది. ఊళ్ళో భర్త, అత్త, ఐదేళ్ళ కూతురు రూతు. ఏటా ఇల్లంతా తాళం వేసుకుని అవతలి రాష్ట్రానికి చెరకు కోతకు పోయేవాళ్ళు. పిల్ల కూడా వాళ్ళతోనే. ఆ పిల్ల ఒక్కచోట ఉండి బడికి పోవాలంటే తనకు ఏడాది పొడుగునా ఒక్కచోటే పని ఉండాలని మార్త లెక్క. చొక్కా కాలర్ అందరినీ ఏడిపించేది. ఆమె ముందు లొంగిపోయేది. తోటి ఆడవాళ్ళు ఆమెకు కాలరమ్మ అని పేరు పెట్టారు.

కంపెనీ సూపర్‌వైజర్ వచ్చి అందరితో కుట్టించి చూశాడు. మార్త కాలర్ కుట్టిన వేగం నమ్మలేక రెండోసారి కుట్టించుకున్నాడు. మొదట రాసుకున్న పేరు ఆమెదే.

ఇంట్లో చెప్పి ఉంచమని ఆమెను ముందే ఊరికి పంపి, ఏప్రిల్‌లో ఆమె ఇంటికి బయలుదేరాను. నాగల్‌గిద్దలో బస్సు దిగాను. ఆమె ఊరికి ఆటో లేదు. నడిస్తే గంట. హోటల్లో కూర్చుని చాయ్ చెప్పాను. ఆటో వస్తుందేమోనని చూశాను. నిజంగా చూశానా? రోడ్డు వైపు వీపు పెట్టి కూర్చున్నట్టు నాకు గుర్తు.

ఆ వారంలో ఆరిళ్ళు తిరిగాను. ఆరిళ్ళలోనూ కాదన్నారు. ఏడో ఇంట్లో ఏమంటారో నాకు తెలుసనుకున్నాను, ఎందుకంటే పేదవాళ్ళ ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో వాళ్ళకంటే నాకే బాగా తెలుసన్న గర్వం అప్పటికే నాలో గట్టిపడింది, దాన్నే నేను అనుభవం అని పిలుచుకునేవాణ్ణి. చాయ్ గ్లాసు పక్కకు జరిపి కాగితం తీశాను. రాశాను. ‘భర్త, అత్త ఒప్పుకోలేదు.’ ఖేడ్ బస్సు వచ్చింది. ఎక్కాను.

నాలుగో రోజు మార్త మేడ మెట్లెక్కి వచ్చింది. మిషన్ల దగ్గర అందరూ ఉన్నారు. టీచరమ్మ మాత్రం ఆ రోజు సెలవులో ఉంది.

“సార్, మీరొస్తరని మూడు దినాలు చూసినం. కూలికి గూడ పోలే.”

“ఎందుకు?” అన్నాను.

“ఎందుకేంది సార్? సంతకం గావాలంటిరి గద. మా అత్తయితే మంచి చీరె కట్టుకొని వాకిట్లనే కూసున్నది. పెద్ద సారొస్తుండని ఒక్కటే పరేషాన్. గా సారు మనసొంటోడే అత్తా, గంత తయారు గాకు అన్న.”

అందరూ నవ్వారు. ఒకామె మిషన్ ఆపి, “ఏం కాలరమ్మా, పట్నం పోయి మమ్ముల మర్సిపోతవా ఏంది? మాకో చొక్కా పంపు” అంది.

“నీకెందుకే చొక్కా? ముందుగాల కాజాలు కుట్టుడు నేర్సుకో” అంది మార్త. తర్వాత నా వైపు తిరిగింది. “మా అత్త సరే అన్నది సార్. ఆయన గూడ ఒప్పుకున్నడు. గా కాయిదం ఇయ్యుండ్రి, నేనే సంతకం పెట్టిచ్చుకొస్త.”

కాగితం ముందురోజే మా పై ఆఫీసుకు పోయింది. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. కానీ ఏమని చెప్పాలి? వెళ్ళకుండానే రాశానని చెప్పాలి.

“కంపెనీవాళ్ళు వద్దన్నరు మార్తా,” అన్నాను. “నీ కుట్టు సాలదన్నరు.”

“రెండుసార్లు కుట్టిచ్చుకొని చూసిండు గద సార్?”

“అందుకే. మొదటిది మంచిగ రాలేదని.”

మిషన్లన్నీ ఆగిపోయాయి. “యాడ తప్పయింది సార్? చెప్తే సక్కగ చేసుకుంట.”

“కాలర్ మూల,” అన్నాను. నాకు కుట్టుపని రాదు. నోటికి వచ్చిన మాట అది.

మధ్యాహ్నమంతా ఆమె అక్కడే ఉంది. మూల కుట్టింది. విప్పింది. మళ్ళీ కుట్టింది. నేను పక్క గదిలో కూర్చుని ఆ మిషన్ చప్పుడు విన్నాను. సాయంత్రం వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. ఎందుకు రావడం లేదని టీచరమ్మ అడిగితే, ఇంట్లో ఒప్పుకోలేదట అన్నాను. ఒక అబద్ధం ఆమెకు, ఇంకో అబద్ధం ఈమెకు. రెండూ ఎక్కడా ఎదురుపడకుండా పద్నాలుగేళ్ళు కాపలా కాశాను.

ఇంకా చెప్పాలి. ఆ తర్వాత మీటింగుల్లో నన్ను మాట్లాడమంటే, ‘మా ప్రాంతంలో కుటుంబాలు ఆడవాళ్ళను పంపవు, అదే అసలు సమస్య’ అనేవాణ్ణి. పెద్దలు తలలూపేవారు. ఆ మాట కొందరి విషయంలో నిజమే. కానీ దాన్ని నేను దేనికి వాడుకున్నాను? ఒక్క మార్త విషయంలోనే ఇలా చేశానా? మరో ఇద్దరి వాకిళ్ళ దాకా వెళ్ళి, ఇంటి పెద్దల ముఖాలు చూసి, అసలు మాట ఎత్తకుండానే తిరిగొచ్చాను. వాటినీ అలాగే రాశాను.

ఒక ఏడు చెరకు కోతకు పోతున్న లారీ ఖేడ్‌లో ఆగింది. మూటల మీద మార్త, పక్కన బడి ఈడు పిల్ల. మార్త నన్ను చూసి నవ్వి, “బాగున్నరా సార్” అని అరిచింది. నేను చెయ్యి ఊపాను. ఊపగలిగాను.

పోయిన నెల మార్త రూతును వెంటబెట్టుకుని కేంద్రానికి వచ్చింది. పిల్ల చదువు తొమ్మిదితో ఆగింది. “దీన్ని చేర్చుకోండ్రి సార్. నా చెయ్యి రాలే దీనికి, మంచిగనే కుడ్తది” అని నవ్వింది. నా మాటను ఆమె అన్నేళ్ళు నమ్మింది. నమ్మి, నవ్వులాట చేసుకుని బతికింది. మిషన్ ముట్టుకోలేదట మళ్ళీ.

ఆ రోజు పిల్ల పేరు రాసుకుని పంపించాను. నోరు రాలేదు. వారం తర్వాత పిల్ల ఫోటోలు ఇవ్వడానికి మార్త ఒక్కతే వచ్చినప్పుడు మెట్ల మీదే ఆపి చెప్పాను. నాగల్‌గిద్ద నుంచి కాలర్ మూల దాకా అంతా చెప్పాను. అంతా అయ్యాక ఆమె కొంగు సర్దుకుంది.

“పిల్లను ఈడ్నే ఉంచుత,” అంది. “దగ్గర్ల ఇంకోటి లేదు. కంపెనీవాళ్ళు వచ్చిననాడు నాకు కబురు వెట్టు. నేనే వచ్చి మాట్లాడుత. నా పిల్ల గురించి నువ్వు ఎవ్వరికేం చెప్పకు, ఏం రాయకు.”

నన్ను దాటుకుని మెట్లు దిగిపోయింది.

క్షమించమని నేను అడగలేదు. అడిగి ఉంటే ఆమె నెత్తిన ఇంకో బరువు పెట్టినట్టయ్యేది. అడిగినా ఆమె క్షమించేదని అనుకోను.

ఇన్నేళ్ళూ నాకు నేను ఒక్కోరోజు ఒక్కో కారణం చెప్పుకున్నాను. ఎండ అన్నాను. ఆటో లేదన్నాను. అందరూ అంతేనన్నాను. ఇప్పుడు మీ ముందు ఏ కారణమూ లేకుండా రాస్తున్నాను. ఆ ఇంట్లో ఎవరూ కాదనలేదు. నేను వెళ్ళలేదు. ఆమె కుట్టులో ఏ లోపమూ లేదు.

రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఇంతకు మించి నాకు రావలసింది ఏమీ లేదు.