అత్తమ్మ కొన్న హైడ్రోజన్

మా సాంచాలు పాత ఇనుము కింద భంగారుకు పోయిన ఏడాది అత్తమ్మకు మొదటిసారి తీరిక దొరికింది. భివండీ దగ్గర టెంఘర్‌లో ఒక అద్దె షెడ్డులో మామయ్య పెట్టిన మరమగ్గాలవి. ఆయన పోయాక కూడా కొన్నేళ్లు ఆమే నడిపించింది. నూలు ధర పెరుగుతూ, గుడ్డ ధర పెరగక, చివరికి పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి వాటిని ముక్కలుగా విప్పి టెంపోలో వేసుకుపోయారు. నా భర్త అంజూర్ ఫాటాలో ఒక గోదాములో సూపర్‌వైజరుగా చేరాడు. నేను అప్పటికే ఒక సైజింగులో, అంటే నూలుకు గంజి పట్టించే కార్ఖానాలో, కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని. పగలంతా ఇంట్లో మిగిలింది అత్తమ్మ, ఆమె చేతిలో ఫోను.

సాంచాలు అమ్మిన డబ్బు బ్యాంకులో వేసి, దాని ఊసు ఎత్తనిచ్చేది కాదు. ఒక ఆదివారం మా మరిది వచ్చాడు. అతను అంజూర్ ఫాటా గోదాముల నుంచి రేవుకు కంటైనర్ లారీ నడుపుతాడు. లారీ డ్రైవర్ల ఫోను గ్రూపులో వచ్చిన వీడియో ఒకటి తల్లికి చూపించాడు. ఎండలో మెరిసే సోలార్ పలకలు, తెల్లటి పెద్ద పెద్ద ట్యాంకులు, కింద ఒక కంపెనీ పేరు.

“అవ్వా, పైసలు ఊకె బ్యాంకుల పండవెడితే ఏమొస్తది? దీంట్ల పెట్టు. హైడ్రోజన్. రేపు నా బండి గూడ దీంతోనే నడుస్తది. డీజిల్ లేదు, పొగ లేదు. నీళ్లల్లకెల్లి తీస్తరట.”

చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తమ్మ చేయి ఆగింది.

“నీళ్లల్లకెల్లి ఏం తీస్తరు?”

“గ్యాసు. మండుతది.”

“నీళ్లు పోస్తే మంట ఆరుతది గదరా. మండేది దాంట్ల ఎట్లుంటది?”

అతను నవ్వి నా వైపు తిరిగాడు. “వదినా, నువ్వు చదువుకున్నవ్ గదా, నువ్వే జెప్పు.”

పన్నెండో తరగతి దాకా మరాఠీ మీడియంలో చదివాను. ఆ పాఠం నాకు గుర్తుంది, పుస్తకంలో బొమ్మ కూడా గుర్తుంది. అయితే మా బడిలో ప్రయోగశాల అంటే తాళం వేసిన బీరువా. నీటి నుంచి హైడ్రోజన్ వస్తుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నానే తప్ప, దాన్ని ఎన్నడూ చూడలేదు. చేసి చూపిస్తానన్నాను. నాకూ చూడాలనిపించింది.

మరుసటి వారం పని నుంచి వస్తూ చదరపు బ్యాటరీ, వైరు ముక్కలు, రెండు పెన్సిళ్లు కొన్నాను. ఫోనులో చూసుకుంటూ పెన్సిళ్లను రెండు వైపులా చెక్కి, గ్లాసు నీళ్లలో కొంచెం తినే సోడా కలిపి, వైర్లు తగిలించాను. అత్తమ్మ కళ్లజోడు పెట్టుకుని గ్లాసు పక్కనే చాప మీద కూర్చుంది. ముందు ఏమీ కాలేదు. వైరు సరిగా తగల్లేదని సర్దాను. రెండు పెన్సిళ్ల మొనల నుంచి సన్నటి బుడగలు లేవడం మొదలైంది. ఒకదాని మీద ఎక్కువ, ఒకదాని మీద తక్కువ.

“మసులుతున్నయా?” అని గ్లాసు ముట్టుకుంది. “సల్లగనే ఉన్నయే!”

ఎక్కువ బుడగలు వచ్చే మొన మీద నీళ్లు నింపిన మందుసీసాను బోర్లించి పట్టుకున్నాను. చాలాసేపటికి అందులో కొంత గ్యాసు చేరింది. సీసాను అలాగే బోర్లా పైకెత్తి, మూతి దగ్గర అగ్గిపుల్ల పెట్టాను. “టప్” మని చిన్న చప్పుడు. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. తర్వాత ఆమె నవ్వింది. సాంచాలు పోయాక ఆమె అలా నవ్వగా నేను చూడలేదు.

“గింతేనా? ఇంకోపారి చెయ్యి బిడ్డా.”

బ్యాటరీ నీరసించేదాకా చేశాం. బుడగలు తగ్గిపోయాక ఆమె బ్యాటరీని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. “దీంట్ల కరెంటు ఒడిసింది, గా టప్పుమనుడు అచ్చింది. అంటే కరెంటు పోసి గ్యాసు తీసుకున్నం. మల్ల గా గ్యాసుతోని బండి నడుపుతరు. కరెంటుతోనే నడిపితే ఏమైతది?”

  మరిది వీడియోలు ఇంకా పంపుతూనే ఉన్నాడు. అత్తమ్మ చివరికి కొంచెం డబ్బు మాత్రం పెడతానంది. “బట్ట కొనేటప్పుడు కొస పట్టుకొని సూస్తం గదా, గట్ల” అంది. ఆమె పేరు మీద ఫోనులోనే ఖాతా తెరిచి, ఆ కంపెనీ వాటాలు కొన్ని కొన్నాను. దాని మీద ఆమె ఆశ ఎంతో నాకు తెలియదు. నా ఆశ మాత్రం లాభం గురించి కాదు. మా సైజింగులో బాయిలరు పొగగొట్టం ఆఫీసు కిటికీ పక్కనే ఉంటుంది. సాయంత్రానికి కీబోర్డు మీద బూడిద పొర పడుతుంది. ఇంటికెళ్లి ముఖం కడుక్కుంటే నీళ్లు నల్లగా దిగుతాయి. ఆ బాయిలరు కింద ఎప్పటికైనా పొగలేని మంట మండుతుందా అని బాయిలరు వైపు వెళ్లినప్పుడల్లా అనుకునేదాన్ని.

కొన్నాళ్లు ధర పెరిగింది. మరిది ఫోను చేసి “చూసినవా అవ్వా!” అనేవాడు. ఆ తర్వాత కంపెనీ కట్టాల్సిన ప్లాంటు ఆలస్యమవుతుందని వార్త వచ్చింది. ధర పడింది. పడుతూనే ఉంది. మరిది తాను కొన్న వాటాలను నష్టానికే అమ్మేసి, ఈసారి ముఖం చిన్నబుచ్చుకుని వచ్చాడు.

“అమ్మెయ్యవ్వా. అంత ఒట్టి మాటలే. బండ్లు నడుస్తయ్ అంటున్నరు గని, ఈ హైవే మీద నింపుకునేటానికి ఒక్క పంపు చూపియ్యమను.”

“ఎందుకు ఆలస్యమైందో తెల్వకుంట ఎట్ల అమ్ముదు?”

“ఎవల్నడుగుతవ్? గా కంపెనీ శేఠ్ నీకు ఫోన్ల దొరుకుతడా?”

ఆ మాటతో నాకు ఒకటి గుర్తొచ్చింది. వాటాదారుల వార్షిక సమావేశం ఫోనులోనే జరుగుతుందని, మాట్లాడదలచినవాళ్లు ముందుగా పేరు నమోదు చేసుకోవాలని కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. అలాంటివి నేను చదవకుండానే వదిలేస్తాను. అత్తమ్మకు చెప్పాను.

“నాకున్నయి గిన్నే గదా. అయినా అడుగనిస్తరా?”

“ఒక్కటి ఉన్నా అడగొచ్చట అత్తమ్మా.”

“అయితే రాయి నా పేరు.”

సమావేశం రోజు నేను సగం పూట సెలవు పెట్టాను. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని, ఫోను ముందు కుర్చీలో నిటారుగా కూర్చుంది. వెనక గోడకు తగిలించిన బట్టలన్నీ తీయించింది. సమావేశం మొదలవగానే కరెంటు పోయింది. ఫోనులో చార్జింగు ఉంది కాబట్టి సరిపోయింది, ఫ్యాను లేక ఇద్దరికీ చెమటలు కారాయి. ఛైర్మన్ అంకెలు చదివాడు. తర్వాత వాటాదారులు ఒక్కొక్కరే మాట్లాడారు. ఎక్కువమంది ఆయన్ని పొగిడారు. ఒకాయన డివిడెండు ఎప్పుడని అడిగాడు. మరొకాయన, మునుపు సమావేశం హాల్లో జరిగేటప్పుడు మిఠాయి డబ్బా ఇచ్చేవాళ్లని గుర్తుచేశాడు. అత్తమ్మ నా చేయి గిల్లి, “గిదా అడిగేది?” అంది.

అప్పుడే ఆమె పేరు పిలిచారు. ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. అటు నుంచి “మేడమ్, మ్యూట్‌లో ఉన్నారు” అన్నారు. నేను వంగి మీట నొక్కాను.

“సాబ్, మై భివండీ సే బోల్ రహీ హూఁ” అని గట్టిగా, షెడ్డులో సాంచాల చప్పుడు మధ్య మాట్లాడినట్టే మాట్లాడింది. బజారు హిందీలో రెండు ప్రశ్నలు అడిగింది. మా బస్తీకి తాగే నీళ్లే ట్యాంకరులో వస్తాయి, మీ ప్లాంటుకు నీళ్లు ఎక్కడివి అన్నది మొదటిది. కరెంటు ఖర్చుపెట్టి గ్యాసు చేసేబదులు ఆ కరెంటుతోనే పని నడిపించరాదా అన్నది రెండోది.

ఛైర్మన్ నవ్వుతాడేమోనని భయపడ్డాను. నవ్వలేదు. నిదానంగా హిందీలోనే చెప్పాడు. నీళ్ల విషయంలో ఆమె భయపడ్డంత లేదట, ఊరి మురుగునీటిని శుద్ధి చేసి వాడతారట, అవసరమయ్యేది కూడా చాలా కార్ఖానాలు తాగేదానికన్నా తక్కువేనట. రెండో ప్రశ్నకు, “మీరన్నది నిజం. మగ్గం కరెంటుతోనే నడవాలి. ఉక్కు, ఎరువులు, పెద్ద ఓడలు... ఒట్టి కరెంటుతో సాగని పనులున్న చోటే హైడ్రోజన్ కావాలి” అన్నాడు. ప్లాంటు సంగతి తనే ఎత్తి, “ఆలస్యం ఎందుకంటే, కొంటామన్నవాళ్లు ఇంకా సంతకాలు పెట్టలేదు. మా గ్యాసు ఇప్పటికీ ఖరీదే. ఎప్పటికి చవకవుతుందో నేను తారీఖు చెప్పలేను” అన్నాడు.

అత్తమ్మ “ధన్యవాద్ సాబ్” అని, నమస్కారం పెట్టి, ఫోనును నాకిచ్చింది.

సాయంత్రం మరిది అడిగితే, “నీళ్ల సంగతి నేను తప్పు అనుకున్న. కరెంటు సంగతి నేననుకున్నదే. నీ బండికి అస్తదో రాదో గని, గాయనకే తెల్వదట ఎప్పుడో” అని చెప్పింది.

“మరి అమ్ముతవా?”

“తెల్వదు అని చెప్పినోడు అబద్ధమైతే చెప్పలేదు గదా. ఉండనియ్యి. ఇంకైతే కొన.”

అలాగే చేసింది. ధర ఈ రోజుకీ కొన్నదానికి కిందే ఉంది. బ్యాంకులో ఉన్నదాన్ని కదిలించలేదు. ఆ బూడిద చూపి, బాయిలరుకు హైడ్రోజన్ వాడరాదా అని మా సైజింగు శేఠ్‌ను ఒకసారి అడిగాను. బొగ్గు ధరకు దొరికిన రోజు చూద్దామన్నాడు. కాదనలేని మాటే. ఆ రోజు కీబోర్డు తుడుస్తూ ఆ మాటే ఆలోచించాను.

ఈమధ్య మేమిద్దరం సాయంత్రాలు వరాలా తలావ్ అనే చెరువు గట్టు మీద నడుస్తున్నాం. మొన్న అక్కడ సిలిండరుతో బెలూన్లు నింపి అమ్మేవాడి దగ్గర అత్తమ్మ ఆగింది. అది ఏం గ్యాసని అడిగితే “గ్యాస్ హై, అమ్మా” అన్నాడు, అంతకుమించి చెప్పలేదు. ఆమె ఒకటి కొని, దారి పొడుగునా దారం పట్టుకుని నడిచింది. ఎదురైన తెలిసినవాళ్లు నవ్వుతుంటే తానూ నవ్వింది. ఇంట్లో కుర్చీకి కట్టింది.

పొద్దున లేచేసరికి బెలూను నేల మీదికి దిగి, ముడతలు పడి ఉంది. ఆమె దాన్ని నీళ్ల గిన్నెలో ముంచి ఒత్తి చూసింది. ఎక్కడా బుడగ రాలేదు.

“చిల్లు లేదు. ముడి గట్టిగనే ఉన్నది. మరి గ్యాసు ఎటువాయె?”

రబ్బరులోంచే కొద్దికొద్దిగా జారిపోతుందేమో అన్నాను.

“రబ్బర్లకెల్లి పోతే, గా పెద్ద పెద్ద ఇనుప ట్యాంకులల్ల ఎట్ల ఆపుతరు?”

పనికి టైమవుతోంది. అయినా టీ గ్లాసు పక్కన పెట్టి, ఫోను తీసి వెతకడం మొదలుపెట్టాను. ఆమె కళ్లజోడు తెచ్చుకుని నా పక్కన కూర్చుంది.