కాఫీ డబ్బా బరువు

కాఫీ పోసేటప్పుడు కూడా వెర్లీన్ తలుపు వైపే చూస్తుంటుంది. హైవే పక్క హోటల్లో పదకొండేళ్లుగా వడ్డిస్తోంది. వెనక నుంచి ఎవరు పిలిచినా ఉలిక్కిపడుతుంది. టిప్పుల్లో వచ్చిన ఎర్ర సెంట్లు కౌంటరు మీదే వదిలేసి, తెల్లటి పావు డాలర్లూ పది సెంట్ల బిళ్లలూ మాత్రం గలగలమనకుండా చేతిరుమాల్లో మూటగట్టుకుంటుంది. "బ్యాంకులో వేసుకోవే, పిచ్చిదానా!" అంది తోటి వడ్డనగత్తె ఓపల్. "ఖాతా ఇద్దరి పేరా ఉందే. మా క్లైడ్ రోజూ చూస్తాడు." ఆ తెల్ల బిళ్లలు ఏ పాళ్లలో కలిసినా పౌండు బరువుకి ఇరవై డాలర్లు. లెక్కపెడితే చప్పుడవుతుంది కాబట్టి ఆమె తూస్తుంది. ఆదివారం మొగుడు క్లైడ్ లేవకముందే, స్నానాలగదిలో సబ్బుల వెనక దాచిన కాఫీ డబ్బా ఎత్తుకుని బరువు చూసే యంత్రం ఎక్కి, అందులోంచి తన బరువు తీసేసి లెక్కగడుతుంది. ముప్పై పౌండ్లయితే ఆరువందలు. అక్క ఉన్న ఊళ్లో ఓ గదికి నెల అద్దె.

ఈ ఆదివారం ముప్పై తూగింది. తువ్వాలు పరిచి డబ్బా మెల్లగా వంచింది. పైన రెండు గుప్పిళ్లు తెల్లవి, కిందంతా ఎర్ర సెంట్లే. తను ఏనాడూ ఒక్క సెంటు వేయలేదు. బరువు తగ్గకుండా, తెల్లవి తీసినంత మేరా ఎవరో సెంట్లతో నింపుతూ వచ్చారు. తలుపు అవతల చెక్కనేల కిర్రుమంది.

"ముప్పై నిండాయా, వెర్లీన్?" అడిగాడు క్లైడ్, ఎంతో ముద్దుగా.