సఫారీ లాడ్జిలో ముద్దపప్పు

ఆ రోజుల్లో అబద్ధమాడటానికి నాకు తయారీ ఏమీ అవసరమయ్యేది కాదు. ఇప్పుడు ఇంట్లో ఉండి "దారిలో ఉన్నా, వస్తున్నా" అనడానికి కూడా నోరు రావడం లేదు గానీ, పాతికేళ్ల వయసులో, బహ్రెయిన్‌కి వచ్చిన ఆరో నెలలోనే, ఎన్నడూ కాలు పెట్టని ఖండం గురించి గంటసేపు ఫోన్లో మాట్లాడేవాణ్ణి. మహూజ్‌లో ఒక అపార్టుమెంటు కింద, లాండ్రీకీ కిరాణా కొట్టుకీ మధ్య ఇరుక్కున్న టూర్ల ఆఫీసులో నా ఉద్యోగం. తెలుగువాళ్ల ఫోన్లన్నీ నాకే వచ్చేవి. జగిత్యాల దగ్గర మా ఊళ్లో మా అమ్మ మాత్రం "మావోడు దుబాయిల మేనేజరు" అని చెప్పుకునేది. (దేశమూ తప్పే, హోదా కూడా తప్పే. ఈ విద్య నాకు ఎవరి నుంచి వచ్చిందో మీకు అర్థమయ్యే ఉంటుంది.)

మా ఆఫీసులో బాగా అమ్ముడుపోవాల్సి ఉండీ పోనిది కెన్యా అడవిలో సఫారీ లాడ్జి. గడ్డి కప్పిన గదులు, ముందు పొడవాటి వరండా, వరండా ఎదురుగా జంతువులొచ్చి నీళ్లు తాగే మడుగు. నా దగ్గరున్నవి నాలుగు ఫొటోలు. ఒకరోజు చమురు కంపెనీ వాళ్లుండే అవాలి కాలనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. భర్త ఆ కంపెనీలో ఇంజనీరు, గుంటూరు వైపు వాళ్లు. మూడు నెలల విజిట్ మీద వచ్చిన అత్తగారు తిరిగి వెళ్లేలోపు సింహాన్ని చూడాలని పట్టుబట్టిందట. పరిచయమైన ఐదో నిమిషానికి ఆవిడ నాకు అక్కయ్య అయిపోయింది, నేను కోతలు మొదలుపెట్టాను. "నేనే మూడుసార్లు ఉండొచ్చిన అక్కా. అక్కడి మేనేజరు నాకు అన్న లెక్క. మీరు వరండాల కుర్చీ ఏస్కొని కూసుంటే చాలు, పెద్దపులులు గుంపుకు గుంపే వచ్చి నీళ్లు తాగి పోతయి" అన్నాను. "గుంపులుగానా?" అందావిడ. నా వర్ణనకు మురిసిపోతోందనుకున్నాను. తర్వాత ఆవిడ, "మా అత్తగారు మాంసం తగిలిన గిన్నెలో వండింది ముట్టరు, తమ్ముడూ. అక్కడ పప్పూ అన్నం ఏమైనా దొరుకుతాయా?" అని మెల్లగా అడిగింది. "ముద్దపప్పు జేస్తరు అక్కా. ఆ వంటాయనకు నేనే నేర్పించిన" అన్నాను. నోరు నాదే, కానీ ఆ క్షణంలో అది నా మాట వినే స్థితిలో లేదు.

మర్నాడు మా మేనేజరు (పాలక్కాడు మలయాళీ, చాలా నెమ్మదస్తుడు, అందుకే భయం) నన్ను పిలిచి కుర్చీ చూపించాడు. అవాలి నుంచి మూడు కుటుంబాలు, పన్నెండు మంది బుక్ చేశారట. ఒకటే షరతు, ఆ లాడ్జి బాగా తెలిసిన కుర్రాడు తోడు రావాలి. "యల్లా, బట్టలు సర్దుకో. ఇది బాగా జరిగితే అవాలి మొత్తం మనదే. చెడిందంటే కఫీల్ నీ వీసా రాసుకోడు, ఖలాస్" అన్నాడు. నా ప్రొబేషన్ ముగియడానికి ఇంకా పదిరోజులుంది. కఫీల్, అంటే మా వీసాల స్పాన్సరు అరబ్బు, సంతకం పెట్టకపోతే నేను తిరిగి మా అమ్మ ముందు నిలబడి, దుబాయిలో మేనేజరుగిరీ ఎందుకు వదిలేశానో చెప్పుకోవాలి. సింహం దీనికంటే నయమనిపించింది.

లాడ్జి నిజంగానే ఫొటోల్లో ఉన్నట్టే ఉంది. ఆ ఒక్క విషయంలోనే నేను నిజం చెప్పానన్నమాట. అదృష్టం కొద్దీ నా 'అన్న', అంటే అక్కడి మేనేజరు, పట్నం వెళ్లాడు, సాయంత్రానికి వస్తాడన్నారు. నేను నేరుగా వంటింట్లోకి దూరి, అక్కడున్న భారీకాయుడైన వంటాయనకు చేతులు జోడించి, వచ్చిన ఇంగ్లీషులో నా కథంతా చెప్పుకున్నాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వి, వంటింటి వెనక ఆరుబయట ఒక గ్యాస్ పొయ్యి చూపించాడు. కందిపప్పు అక్కయ్య సామానులోనే ఉంది. మాంసం ముట్టని గిన్నె కావాలని నేను నసుగుతుంటే, అత్తగారు తన పెట్టెలోంచి, రెండు పట్టుచీరల మధ్య నుంచి, ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కరు తీసి నా చేతిలో పెట్టింది. "మూడు విజిల్స్ రావాలి, నాయనా. రెండుకే దించితే పప్పు పలుకు మీదుంటుంది. నాలుగొచ్చాయా, జావే" అంది. ప్రయాణంలో ఆవిడ పొద్దుటి నుంచి రెండు అరటిపండ్ల మీద ఉంది. నేను ఎంతో భక్తిగా కుక్కరు పొయ్యి మీద పెట్టాను.

సాయంత్రం ఐదు దాటింది. వంటింటి మూల నుంచి తొంగిచూస్తే వరండా అంతా కనిపించేది. అతిథులందరూ కుర్చీల్లో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. దగ్గకూడదని బోర్డు కూడా పెట్టారక్కడ. తుపాకీ గొట్టమంత కెమెరా పట్టుకున్న ఒక తెల్లాయన రెండు రోజులుగా ఆ కుర్చీ వదల్లేదట. అప్పుడు చెట్ల మధ్య నుంచి ఏనుగులు వచ్చాయి. పెద్దవి, చిన్నవి, తల్లి కాళ్ల మధ్య నడుస్తున్న ఒక బుజ్జిది. నేను నిజంగా చూసిన మొదటి అడవి జంతువులవే. ఏనుగులకు చెవులు అంత అందంగా ఊగుతాయని నా అబద్ధాల్లో ఒక్కదానికి కూడా తట్టలేదు. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. సరిగ్గా అప్పుడే నా వెనక కుక్కరు మొదటి విజిల్ వేసింది.

మన ఇళ్లలో ఆ చప్పుడుకు పిల్లి కూడా తలెత్తదు. ఆ నిశ్శబ్దంలో మాత్రం అడవిలోకి రైలు వచ్చినట్టయింది. ఏనుగుల చెవులన్నీ ఒక్కసారిగా విచ్చుకున్నాయి. నేను పొయ్యి వైపు పరుగెత్తేలోపు రెండోది కూడా వచ్చేసింది. పెద్ద ఏనుగు ఘీంకరించి వెనక్కి తిరిగింది, మంద మొత్తం దుమ్ము లేపుకుంటూ చెట్లలోకి పోయింది. ఈటెలు పట్టుకున్న కాపలావాళ్లు ఇద్దరు వచ్చి, కుక్కర్ని నాలుగడుగుల దూరం నుంచి చూస్తూ, ఆపెయ్యమని సైగలు చేశారు. నా చెయ్యి పొయ్యి మర మీదే ఉంది. ఏనుగులు ఎలాగూ పోయాయి, ఇప్పుడు దించితే పప్పు కూడా పోతుంది కదా అనిపించింది. మూడోది రానిచ్చి ఆపాను.

కుక్కరు చప్పబడేలోపు జనం పోగయ్యారు. తెల్లాయన, ఆ వెనక మావాళ్లు పన్నెండు మంది, అందరికంటే ముందు అప్పుడే పట్నం నుంచి దిగిన లాడ్జి మేనేజరు. ఆయన నన్ను కింది నుంచి పైకి చూసి, "పదిహేనేళ్లుగా ఇక్కడున్నాను, ఇలాంటిది చూడలేదు. అసలు ఈ మనిషి ఎవరు?" అని ఇంగ్లీషులో అందరినీ అడిగాడు. మూడుసార్లు వచ్చిపోయిన తమ్ముణ్ణి అన్న అలా అడిగాక ఇక చెప్పడానికేముంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అక్కయ్య నా ముఖంలోకే చూస్తోంది. ఇంతలో అత్తగారు అందర్నీ తోసుకుంటూ వచ్చి, "మూడొచ్చాయా?" అంది. "వచ్చినయి పెద్దమ్మా" అన్నాను. "అయితే నన్ను తిననిచ్చి తర్వాత తిట్టుకోండి" అని కుక్కరు పట్టుకుని వెళ్లిపోయింది. (తర్వాత దాన్ని మేనేజరు స్వాధీనం చేసుకుని, రసీదు రాసిచ్చి, ఆయుధాల బీరువాలో పెట్టించాడు.)

అందరూ వెళ్లాక నేను అక్కయ్య కాళ్ల మీద పడినంత పని చేశాను. "మా మేనేజరుకు చెప్పకండ్రి అక్కా, నా వీసా పోతది. నేను ఇంతకుముందు ఎన్నడూ రాలేదు" అన్నాను. "ఫోన్లోనే తెలుసు. ఆఫ్రికా అడవుల్లో పులులెక్కడివిరా?" అంది. "మరి నన్నెందుకు తోలుకొచ్చిన్రు?" అని అడిగాను. "రోజూ ఆఫీసు చేసి ఇంటికొచ్చి వండుతున్నా. నా సెలవుల్లో కూడా నేనే వండాలా? ఇంత ధైర్యంగా కోతలు కోసినవాడు దొరికిపోతానన్న భయంతోనైనా పప్పు వండకపోతాడా అనుకున్నాను. మీ మేనేజరుకు ఏం చెప్పాలో మూడు రోజులు తిన్నాక చూస్తాను" అని తాపీగా వెళ్లింది.

ఆ మూడు రోజులూ కుక్కరు లేకుండా, అత్తగారి పెట్టెలోంచే వచ్చిన మామూలు గిన్నెలో కందిపప్పు ఉడికించాను. అదెంతకీ ఉడకదు. జీపు పొద్దున్నే మావాళ్లను ఎక్కించుకుని పోయేది, నేను పప్పు కలుపుతూ చెయ్యి ఊపేవాణ్ణి. సింహాలు ఎనిమిది కనిపించాయట. ఒక చిరుత చెట్టెక్కిందట. అత్తగారు జీపు దిగి వచ్చి నాకన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది, నేను నెయ్యి వడ్డించేవాణ్ణి. తిరిగొచ్చాక అక్కయ్య మా మేనేజరుకు ఫోన్ చేసినప్పుడు నేను పక్కనే చెమటలు కక్కుతూ నిలబడ్డాను. స్పీకర్లో ఆవిడ గొంతు వినిపించింది. "మీవాడు చెప్పింది నిజమేనండీ. అక్కడి మేనేజరు మీవాణ్ణి జన్మలో మర్చిపోడు." కఫీల్ సంతకం ఆ వారమే పడింది.

ఇప్పుడు నాకు బహ్రెయిన్‌లోనే, సీఫ్‌లో సొంత ఆఫీసు ఉంది. మొన్న ఒకాయన ఫోన్ చేసి, "ఆ లాడ్జిల సింహాలు దగ్గర్నుంచే కనబడ్తయా అన్నా, నువ్వు చూసినవా?" అని అడిగాడు. చూడలేదన్నాను. ఆలోచించుకుని చెప్తానని పెట్టేశాడు, మళ్లీ చెయ్యలేదు. ఆ పాతికేళ్ల కుర్రాడైతే సింహం కళ్ల రంగు దగ్గర్నుంచి చెప్పి, ఆయన్ని విమానం ఎక్కించేసేవాడు. నాకు తెలిసినదల్లా ఆ అడవి గాలికి కందిపప్పు మెత్తబడటానికి గంటన్నర పడుతుందని.