గంజి పడిన చేతికి మెంతుల ముద్ద

మా అక్క కుడిచేతి మీద తమలపాకంత మచ్చ ఉంది. చూసినవాళ్ళు గంజి పడి కాలిందనుకుంటారు. గంజి పాపం కొంచెమే పడింది, తక్కినదంతా నా ఘనకార్యం. చెబుతాను, నవ్వండి. కాకపోతే కాస్త మెల్లిగా, అక్క పక్కగదిలోనే ఉంది.

అప్పటికి శ్రీహరికోటలో రాకెట్ల మాటే లేదు. నాకు పద్దెనిమిదేళ్ళు. నెల్లూరులో టీచరు ట్రైనింగు చదువుతుంటే ప్రథమ చికిత్స మీద రెండు రోజులు పాఠం చెప్పారు. మొదటి రోజు విన్నాను, రెండో రోజు నిద్రపోయాను. అయినా సర్టిఫికెట్ ఇచ్చారు. అది పట్టుకుని సముద్రం పక్కనున్న మా ఊళ్ళో పెద్ద డాక్టరులా దిగాను. వారం గడిచినా ఎవరికీ ఏమీ కాలేదు. జనం ఇంత జాగ్రత్తగా ఎందుకు బతుకుతారో అని విసుగేసింది.

ఇంకో మూడు రోజుల్లో ఈస్టరు. పండగ పొద్దున చర్చిలో అక్క హార్మోనియం వాయించాలి. మా చర్చిలో ఒక ఆడపిల్ల ఆ పెట్టె ముందు కూర్చోవడం అదే మొదలు. పాస్టరుగారిని ఒప్పించడానికి అక్కకి ఏడాది పట్టింది.

ఆ గురువారం మధ్యాహ్నం అన్నం వారుస్తుంటే గంజి చేతి మీద ఒలికింది. అక్క గోల చెయ్యకుండా వెళ్ళి చెయ్యి నీళ్ళ తొట్టిలో పెట్టుకుని కూర్చుంది. నేను ఒక్క అంగలో చేరి ఆ చెయ్యి పట్టుకున్నాను.

"లాగబాకరా, హాయిగా ఉండాది," అంది అక్క.

"నీళ్ళు తగిలితే బొబ్బలు లేస్తాయక్కా. నేను నేర్చుకోనొచ్చినాను గదా."

నేర్చుకుంది అది కాదు, అది మా ఊళ్ళో అందరూ అనే మాట. పాఠంలో నాకు గుర్తున్నది ఒకటే, కాలిన చోటుని చల్లగా ఉంచాలని. చల్లగా అంటే చలవ చేసేదని నా బుర్రకు తోచింది. ఒంట్లో వేడి చేస్తే అమ్మ మా తలకి ఏం పెట్టేది? ఆముదం, మెంతుల ముద్ద. రెండూ దండిగా పట్టించి, నాన్న పంచె చింపి మోచేతి దాకా కట్టు కట్టాను. చెయ్యి గుడ్డ చుట్టిన రోకలిలా తయారైంది. మంటగా ఉందిరా అని అక్క అంటే, మందు పనిచేస్తోందని ధైర్యం చెప్పాను.

మర్నాడు నాయుడుపేటలో కాంపౌండరు కట్టు విప్పాడు. ఎండి బిగుసుకున్న మెంతులతో పాటు చర్మమూ ఊడొచ్చింది. అక్క మొహం గోడ వైపు తిప్పుకుంది. ఆయన కథంతా విని, నిదానంగా అన్నాడు.

"ఆ చెయ్యి తొట్టిలోనే ఉండనిచ్చి, నిన్ను బయట కట్టేసుంటే సరిపోయేది గదయ్యా."

ఈస్టరు పొద్దున హార్మోనియం లేకుండానే పాడారు. ఒక్కొక్కరిది ఒక్కొక్క శ్రుతి. అక్క ఆడవాళ్ళ వరసలో కూర్చుంది. కట్టున్న చెయ్యి ఒళ్ళో కదలకుండా ఉంది, ఎడమచేతి వేళ్ళు మాత్రం చాప మీద మెట్లు నొక్కుతున్నాయి. ఆ ఏడే అక్కకి పెళ్ళయింది. అత్తగారి ఊరి చర్చిలో హార్మోనియం లేదు.

ఇప్పటికీ ఎవరికి చెయ్యి కాలినా, ముందు మా తమ్ముణ్ణి బయటికి పంపండి అంటుంది అక్క. నవ్వుతూనే అంటుంది. నేను నవ్వలేను.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నీళ్ళలో ఉన్న చెయ్యి ఎవరిదైనా సరే, ఈ జన్మలో మళ్ళీ బయటికి లాగను. ఆనాడు అక్క చేతిని అక్కడే వదిలేసి ఉంటే, ఆ ఈస్టరు పొద్దున ఆమె వాయించే పాట నేనూ విని ఉండేవాణ్ణి.