ఉద్వాసన అంటే గెంటేయడం కాదు

మా పక్కింటి బాబాయి గారు పోయారు. ఆదివారం మధ్యాహ్నం నేను పామర్రులో మా పెద్దమ్మ ఇంట్లో అన్నం కలుపుకుంటుండగా పిన్ని గారి ఫోన్ వచ్చింది. "మీ బాబాయి గారు వెళ్లిపోయారమ్మా" అన్నారావిడ, అంతే. చెయ్యి కడుక్కుని బస్సెక్కాను. ఉయ్యూరు దాటేదాకా నా బుర్రలో ఏం తిరిగిందో చెబితే మీరు నవ్వుతారు. గురువారం లిస్టు వస్తుంది, ఆయన చూడరు. అదొక్కటే ఆలోచన.

లిస్టు అంటే ఓటర్ల లిస్టు కాదు. ఇరవై ఓవర్ల లీగ్‌లో ఏ జట్టు ఎవరిని ఉంచుకుంటోందో, ఎవరిని పంపేస్తోందో వేలానికి ముందు చెప్పే జాబితా. భవానీపురంలో మా రెండిళ్ల మధ్య నడుమెత్తు ప్రహరీ గోడ ఉంది. అటు ఆయన, ఇటు నేను. తొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున్నే మేమిద్దరం అక్కడ నిలబడి ఆ లీగ్‌లో మాకిష్టమైన జట్టును నడిపాం. జట్టు యజమానులకు ఈ సంగతి తెలియదు. తెలిసుంటే ఒక్క కప్పయినా గెలిచేవాళ్లు.

నేను ఒక తెలుగు దినపత్రికలో స్పోర్ట్స్ పేజీ సబ్ ఎడిటర్‌ని. ఆయన గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో ముప్పయ్యేళ్లు ప్రూఫులు దిద్దారు. ఇంక చెప్పేదేముంది, పిల్లికి ఎలుక దొరికినట్టు ఆయనకు నా పేజీ దొరికింది. సాయంత్రం నేను పెట్టిన హెడ్డింగు మర్నాడు పొద్దున ఎర్ర సిరా గాట్లతో గోడ మీదికి వచ్చేది. మొదట్లో నాకు ఒళ్లు మండేది. "రిటైరయినా మీకు డ్యూటీ దిగలేదండీ" అనేదాన్ని. "జీతం లేని డ్యూటీకి రిటైర్‌మెంట్ ఉండదమ్మా" అనేవారు. ఒకసారి నేను ఒక ఆటగాడి పేరులో ఒత్తు తప్పు రాస్తే మూడు రోజులు ఆ తప్పు పేరుతోనే నన్ను పిలిచారు.

ఆట విషయంలో మాత్రం నేనే గట్టిదాన్ననుకునేదాన్ని. ఎవరి స్ట్రైక్ రేటు ఎంతో, ఎవరి మోకాలికి ఎన్నిసార్లు ఆపరేషన్ అయిందో నా దగ్గర ఉండేవి. ఆయన దగ్గర సామెతలుండేవి. ఒక ఏడాది వేలంలో మా జట్టు ముగ్గురు ఓపెనర్లను కొని, ఆరో నంబరులో కొట్టేవాణ్ణి ఒక్కణ్ణీ కొనలేదు. "పెళ్లికి ముగ్గురు పురోహితులను పిలిచి వంటవాణ్ణి మరిచిపోయారమ్మా" అన్నారు. ఆ సీజనంతా అలాగే జరిగింది. మంత్రాలు ఘనంగా చదివేవాళ్లు, విస్తట్లో ఏమీ పడేది కాదు. రెండు జట్లు ఒకరికొకరు ఆటగాళ్లను మార్చుకుంటే నేను 'ట్రేడ్' అని రాసేదాన్ని. ఆయన దాన్ని కొట్టేసి పక్కన 'కుండమార్పిడి' అని రాసేవారు. మీ పిల్లను మాకివ్వండి, మా పిల్లను మీరు చేసుకోండి అన్నట్టే కదా ఇదీ అని ఆయన వాదన. ఆ మాటను అచ్చులో పెట్టే ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పుడనిపిస్తుంది, పెట్టాల్సింది.

మా అసలు గొడవ ఒక్క మనిషి గురించి. జట్టులో ఒక ఎడమచేతి స్పిన్నర్ ఉండేవాడు, ముప్పై ఎనిమిదేళ్లు. మేం 'పెద్దాయన' అనేవాళ్లం. వికెట్లు తగ్గాయి, ఫీల్డింగులో అతను వంగేలోపే బంతి కాళ్ల మధ్య నుంచి వెళ్లిపోయేది. పంపేయాలని నేను, ఉంచాలని బాబాయి గారు. మూడేళ్లు ఇదే పాట. అతని మీద నేనొకసారి 'వెటరన్‌కు ఉద్వాసన?' అని హెడ్డింగు పెట్టాను. మర్నాడు పేపరు మీద ఎర్ర గీత లేదు. ఆయనే వచ్చి నిలబడ్డారు.

"ఉద్వాసన అంటే ఏంటమ్మా?"

"తీసేయడం. గెంటేయడం."

"నువ్వెప్పుడైనా చూశావా?"

చూడలేదు. మాది చర్చికి వెళ్లే ఇల్లు. ఆ మాటను రోజూ పేజీలో వాడతాను తప్ప, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ ఏడు వినాయక చవితికి ఆయన నన్ను పిలిచారు. పూజకు కాదు, పూజ అయిపోయాక. పిన్ని గారు ఉండ్రాళ్లు నైవేద్యం పెట్టారు. బాబాయి గారు మట్టి వినాయకుణ్ణి రెండు చేతులతో పట్టుకుని పీట మీదే కాస్త కదిపారు, నిద్రపోతున్న పిల్లవాణ్ణి పక్కకు జరిపినట్టు. మళ్లీ రావయ్యా అని చెప్పి దణ్ణం పెట్టుకున్నారు.

"ఇదమ్మా ఉద్వాసన. పిలిచి, పీటేసి, కడుపునిండా పెట్టి, మళ్లీ రమ్మని చెప్పి పంపడం. మీ జట్టోళ్లు ఇందులో ఏం చేశారని ఆ మాట వాడతన్నావ్?"

పళ్లెం దగ్గరికి లాక్కున్నాను. ఉండ్రాళ్లు నాలుగు తిన్నాను.

ఇక్కడిదాకా నవ్వుతూ చెప్పాను. ఇప్పుడు చెప్పబోయేది చెప్పకుండా ఈ వ్యాసం రాసి లాభం లేదు.

పోయిన వేసవిలో ఒక పొద్దున మా వాదన ముదిరింది. ఆ ముందు రోజు పెద్దాయన ఒకే ఓవర్లో నాలుగు సిక్సర్లు ఇచ్చాడు. నాకు అసలే కోపం ఆగదు. "అభిమానంతో జట్టు నడవదు బాబాయి గారూ. పని అయిపోయిన మనిషిని పంపేయాలి. మోసుకుంటూ కూర్చుంటే కొత్తవాళ్లకు చోటేదీ?" అన్నాను.

ప్రెస్సులోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు బాబాయి గారిని అలాగే పంపేశారు. ఇంక ప్రూఫులు మిషనే చూసుకుంటుందన్నారట. ఒక శనివారం వెళ్లి తన ఎర్ర పెన్నులు తెచ్చుకున్నారు. ఈ సంగతి పిన్ని గారు నాకు ఎప్పుడో చెప్పారు. తెలిసీ అన్నాను. తెలిసి అనలేదు, నోరు జారింది అని సర్దిచెప్పుకుంటాను కానీ, తెలిసిన సంగతి తెలియకుండా పోదు కదా.

ఆయన పేపరు మడిచారు. "నిజమేలేమ్మా" అన్నారు. తొమ్మిదేళ్లలో నాతో ఆయన ఒప్పుకున్నది ఆ ఒక్కసారే. అలా గెలవడం ఎవరికీ వద్దు.

మర్నాడు పొద్దున మామూలుగానే ఎర్ర గీతలతో పేపరు గోడ మీదికి వచ్చింది. హమ్మయ్య, మరిచిపోయారు అనుకున్నాను. క్షమించండి అనే మాట నోటిదాకా వచ్చి, ఇప్పుడెందుకులే అని ఆగింది. రేపు, ఎల్లుండి అనుకుంటూ నెలలు గడిచాయి. ఈలోగా ఆయనకు ఆయాసం మొదలైంది. గోడ దగ్గర నిలబడలేక కుర్చీ వేయించుకున్నారు. తర్వాత కుర్చీ కూడా లోపలికి వెళ్లిపోయింది.

ఆస్పత్రిలో చేర్చారంటే చూడ్డానికి వెళ్లాను. మంచం మీద నుంచే, "లిస్టెప్పుడు?" అన్నారు.

"వచ్చే గురువారం అండి."

"పెద్దాయన్ని ఉంచుతారంటావా?"

అన్న మాట దిద్దుకోవడానికి దేవుడిచ్చిన అవకాశం అనుకున్నాను. "ఉంచాలండీ. పవర్‌ప్లేలో ధైర్యంగా రెండు ఓవర్లు వేసే స్పిన్నర్ ఇంకెవరున్నారు? కుర్రాళ్లకు చెప్పేవాడు ఒకడుండాలి కదా" అని ఆయన మాటలన్నీ ఆయనకే అప్పజెప్పాను. ఆయన ఊపిరి అందక ఆగి ఆగి నవ్వారు.

"నీకు నా మీద జాలేస్తంది. జాలితో వాదించబాకమ్మా, ఓడిపోతావ్. నీ వాదన నువ్వు చెయ్యి, నాది నేను చేసుకుంటా."

బయటికి వచ్చి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. మొదట అన్న మాటా వెనక్కి రాలేదు, తర్వాత చెప్పిన మాటా పనికి రాలేదు. ఇంకొక్క పొద్దున ఆయన గోడ దగ్గర నిలబడితే నాకు చాలు. నా పక్షాన నేను గట్టిగా వాదించి, ఆయన చేతిలో నిజంగా ఓడిపోవాలని ఉంది. ఇంత చిన్న కోరిక కూడా తీరదని తెలియడానికి నాకు ఈ వయసు పట్టింది.

ఆదివారం ఆయన పోయారు. గురువారం సాయంత్రం లిస్టు వచ్చింది. పేజీ నాదే. పెద్దాయన పేరు కోసం ఉంచుకున్నవాళ్లలో రెండుసార్లు వెతికాను. లేదు. వదులుకున్నవాళ్లలో నాలుగో పేరు. మూడేళ్లుగా నేను అడుగుతున్నదే జరిగింది. హెడ్డింగు పక్క సీటు కుర్రాడితో పెట్టించి ఇంటికి వచ్చేశాను.

శుక్రవారం పొద్దున అలవాటు కొద్దీ గోడ దగ్గరికి వెళ్లాను. అటు పిన్ని గారు కుళాయి కింద బకెట్ పెట్టి నిలబడి ఉన్నారు. ఆవిడకు క్రికెట్ పడదు. మేం వాదించుకుంటుంటే, "మీకు పనీపాటా లేదు" అని విసుక్కుంటూ లోపలికి పోయే మనిషి. ఆటలో ఎంతమంది ఉంటారో కూడా ఆవిడకు తెలుసని నేననుకోను. నన్ను చూసి గోడ దగ్గరికి వచ్చారు.

"ఏమ్మా, ఆ పెద్దాయన్ని ఉంచారా?"

"లేదండీ పిన్ని గారూ. పంపేశారు."

ఆవిడ తల పంకించారు. గోడ మీద మోచేతులు ఆనించారు.

"ఇంకొక్క ఏడాది ఉంచితే ఏం పోయేదమ్మా వాళ్లకి?"

అడిగి, జవాబు కోసం నా మొహంలోకి చూస్తున్నారు. వయసు, మోకాలు, నాలుగు సిక్సర్లు, నా దగ్గర కారణాలన్నీ ఉన్నాయి. నేనూ గోడ మీద మోచేతులు ఆనించాను. ఆవిడ వెనకాల బకెట్ నిండి నీళ్లు చప్టా మీదికి పొర్లుతున్నాయి. ఆ చప్పుడు ఇద్దరికీ వినిపిస్తోంది. ఎవరం కదల్లేదు.