గురప్ప మామ తొలి కొలత

నిన్న మా కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా పెట్టారు. కందుల బస్తా ఎక్కించగానే కీచుమని చిన్న శబ్దం, వెంటనే ఎర్రటి అంకెలు. నా నోరు దానంతట అదే ‘లాభం’ అంది. కాటా తెచ్చిన కుర్రవాడు “ఏంది సార్?” అన్నాడు. ఏమీ లేదన్నాను.

బేస్తవారిపేట సంతలో గింజలు కొలిచే గురప్ప మామను ఆ కుర్రవాడు ఎరగడు. కుంచం పట్టుకుని రాశి ముందు మోకాళ్ల మీద కూర్చునేవాడు. మొదటి కుంచాన్ని ఒకటి అనేవాడు కాదు, ‘లాభం’ అని గొంతెత్తి పిలిచేవాడు. తరవాతే రెండు, మూడు. ఆ మాట వినబడితే గాని రైతు సంచి మూతి తెరిచి పట్టేవాడు కాదు. నేను బడికి పోయింది తక్కువ. లెక్క తప్పకుండా పిలవడం ఆయన పక్కన కూర్చునే నేర్చుకున్నాను.

రాష్ట్రం ఏర్పడిన కొన్నేళ్లకు కిలోలు వచ్చాయి. సంతలో గింజలు కొనే మా షావుకారు త్రాసు తెచ్చి నన్ను దాని దగ్గర నిలబెట్టాడు. మామ పని నా చేతికి వచ్చిందన్నమాట. మొదటి సంతలోనే వెంకటయ్య అనే రైతు తన కొర్రలు దించనివ్వలేదు.

“ఆ ఇనప గుండ్లలో ఏముందో ఎవరికి తెలుసు? మామ కొలిస్తే అమ్ముతా. లేకుంటే బండి తిప్పుకొని పోతా.”

వెనక బండ్లూ ఆగిపోయాయి. షావుకారు మామనే అడిగాడు, “నువ్వే చెప్పు గురప్పా, ఇది మోసమా?” అవునంటే త్రాసు మూలపడుతుంది. కాదంటే ఆయన కూడు పోతుంది.

మామ కుంచం అందుకున్నాడు. అవే కొర్రలను మూడు కుంచాలు కొలిచి విడివిడిగా తూయమన్నాడు. మూడూ మూడు తూకాలు వచ్చాయి. అందులో ఒకదాన్నే మళ్లీ మళ్లీ తూయించాడు. ఎన్నిసార్లు తూచినా తూకం మారలేదు.

“ఏం మామా, ముసలితనానికి చెయ్యి వణుకుతాందా?” అని ఎవరో అంటే నలుగురూ నవ్వారు.

“వయసులో ఉన్నప్పుడూ ఇంతేలేరా. కుంచం మీద గింజ ఒకసారి నిలుస్తాది, ఒకసారి జారతాది. కాటాలో తప్పు లేదు వెంకటయ్యా. తూకమేయించుకో.”

“మరి నీ సంగతేంది మామా?”

“నా సంగతి నేను చూసుకుంటాలే. పొద్దు పోతాంది, సంచి పట్టు.”

నేను మొదటి తూకం వేసి ‘ఒకటి’ అన్నాను. వెంకటయ్య కదల్లేదు. మామ మోకాళ్ల దుమ్ము దులుపుకుంటూ నా దగ్గరికి వచ్చాడు.

“అట్ల కాదు అల్లుడా. ఏడాదంతా కష్టపడి తెచ్చినారు. కాటా అయితే ఏంది, తొలి తూకాన్ని లాభం అనాల.”

అన్నాను. వెంకటయ్య సంచి మూతి తెరిచి పట్టాడు. మామ ఖాళీ కుంచం చంకన పెట్టుకుని ఇంటిదారి పట్టాడు. మళ్లీ సంతలో కొలవలేదు.

ఈ కొత్త కాటాకు పిలిచే మనిషి అక్కర్లేదు. అంకెలు రైతే చదువుకుంటాడు. అది మంచిదే, మామ ఉన్నా అదే మాట అనేవాడు. అయినా ఈ ఉదయం మొదటి బస్తాకు నేను గొంతెత్తే పిలిచాను.