ఏటి ఇసుకలో ఓబక్క జల్లెడ

ఉత్తర పినాకిని నాగలమడిక దాటి కాస్త కిందికి వంగిన చోట ఏటిగడ్డపల్లి అని చిన్న ఊరుంది. ఏరు అనడమే గానీ అందులో నీళ్ళు పారడం ఆ ఊరి పిల్లలు చాలామంది చూసి ఎరగరు. ఇసుకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్ళు చెంబుతో తోడుకోవాల్సిందే. ఆ ఊళ్ళో ఓబక్క ఉండేది. నలభై ఏళ్ళ మనిషి. బక్కపలచగా ఉన్నా, గొంతెత్తి మాట్లాడితే అవతలి గట్టున మేకలు కాసేవాళ్ళు కూడా తల తిప్పి చూసేవాళ్ళు. భర్త బొమ్మన్నకు గొర్రెలుండేవి. మేత లేని ఏడు మందను తోలుకుని పచ్చిక ఉన్న సీమలు వెతుక్కుంటూ పోయి, వానలు పడ్డాకే ఇంటి ముఖం చూసేవాడు. వానలు పడకపోతే ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు.

ఎనభైల చివరి సంవత్సరాలు. వరసగా వేరుశనగ ఎండిపోయింది. చెట్టు పీకితే వేళ్ళకు కాయల బదులు దుమ్ము వేలాడింది. పీకేందుకు, ఒలిచేందుకు కూలికి పిలిచేవాళ్ళు లేరు. మామూలుగా అయితే కాయల నుంచి మట్టి జల్లించుకుంటూ నెలల తరబడి నడుం ఎత్తని ఓబక్క ఇంట్లో ఊరికే కూర్చోవలసి వచ్చింది. ఆమెకు చేతకాని పని ఏదైనా ఉందంటే అదొక్కటే.

కరువైనా ఏటి గంగమ్మ జాతర ఆగలేదు. జాతరంతా ఇసుకలోనే జరుగుతుంది. తేరు మీదికి జనం బొరుగులతో పాటు చిల్లర ఎగజల్లుతారు. చెలమల దగ్గర తలంటు పోసుకుంటారు, తడిబట్టలతో పొర్లుదండాలు పెడతారు, తోపులాటలో ఒకరి మీద ఒకరు పడతారు. అంతమంది ఒంటి మీది నుంచి ఏదో ఒకటి రాలకుండా ఉండదు. జాతర మరునాడు ఏట్లో నడుస్తున్న ఓబక్క అరికాలికి ఏదో గుచ్చుకుంది. వంగి తీస్తే వెండి మెట్టె. దాన్ని చీర చెరగుతో తుడిచి, చుట్టూ ఉన్న ఇసుకను కాసేపు చూసింది. ఇంటికి పోయి కాయల జల్లెడ పట్టుకొచ్చి, కంతలు పెద్దవని దాని అడుగున కిటికీకి కొట్టే సన్న జాలీ బిగించి, చెలమల దగ్గర కూర్చుంది. పొద్దు వాలేసరికి ఆమె ఒళ్ళో చిల్లర, ఒక ముక్కుపుల్ల, తెగిన వెండి గొలుసు ముక్క ఉన్నాయి.

చిల్లర ఆమె ఉంచుకునేది. నగ ఏదైనా దొరికితే మాత్రం దాచేది కాదు. నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళందరికీ చూపి, ఎవరిదో విచారించమని చెప్పేది. ఆనవాలు చెప్పినవాళ్ళకు ఇచ్చేసి, వాళ్ళు పెట్టిన రాగులో జొన్నలో కొంగులో పోయించుకునేది. ఎవరూ రాకపోతే గంగమ్మ తనకే ఇచ్చిందనుకుని అమ్ముకునేది. అందులో సిగ్గుపడాల్సింది ఏముందో ఆమెకు ఎప్పటికీ అర్థం కాలేదు.

రెండో ఏడు పక్కింటి నరసక్క వచ్చి చేరింది. మూడో ఏటికి పదిమంది ఆడవాళ్ళు ఇసుకలో వరసగా కూర్చుని జల్లెడ పడుతూ, మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ కనబడేసరికి ఊరి పెద్ద మల్లేశప్పకు కన్ను కుట్టింది. జాతర అంగళ్ళ వేలం ఏటా పాడేది అతనే. గంగమ్మ కట్ట దగ్గర అందరినీ పిలిపించి, ఏట్లో రాలింది గంగమ్మ సొత్తని, దాని మీద ఆడవాళ్ళ చేతులు పడటం వల్లే ఊరికి వానలు పోయాయని చెప్పాడు. ఇక మీదట జల్లెడతో ఏట్లోకి దిగేవాళ్ళను ఎవరూ కూలికి పిలవకూడదన్నాడు. ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు. ఓబక్క వంచుకోలేదు.

"అన్నా, వాన పోయినంకనే నేను జల్లెడ పట్టుకున్నా. నేను జల్లెడ పట్టుకున్నంక వాన పోలేదు. ఏది ముందో ఏది ఎనకో ఊరందరికీ తెలుసు," అంది.

ఎవరో కిసుక్కున నవ్వారు. మల్లేశప్ప అటు చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. మరునాటి నుంచి మిగతావాళ్ళు ఏట్లోకి రావడం మానుకున్నారు. ఓబక్క ఒక్కతే కూర్చుంది. నరసక్క చెలమకు వచ్చినప్పుడు అటువైపు చూడకుండా బిందె నింపుకుని పోయేది. అది మాత్రం ఓబక్కకు నొప్పి కలిగించింది. అయినా లేవలేదు.

ఆ తర్వాతి జాతరకు పావగడ బజారు నుంచి ఒక శెట్ల కుటుంబం వచ్చింది. ఆ ఇంటి కోడలు పద్మాక్షి చెలమ దగ్గర స్నానం చేస్తుండగా నల్లపూసల దండ తెగింది. పూసలు దొరికాయి, ఒక తాళిబొట్టు దొరికింది, రెండోది ఇసుకలో కలిసిపోయింది. ఆ పిల్ల తడి బట్టలతోనే మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో ఇసుక తోడసాగింది. అత్తగారి నోటికి భయపడి ఏడుపు కూడా బయటికి రానివ్వడం లేదు. ఓబక్క పక్కన కూర్చుని ఆమె చేతులు పట్టుకుని ఆపింది.

"తోడితే ఇంకా లోపలికి పోతాది తల్లీ. నేను జల్లిస్తా, లే."

ఆమె జల్లెడ ఎత్తిందో లేదో మల్లేశప్ప వచ్చాడు. కట్టుబాటు అందరికీ ఒకటేనని, ఓబక్క చేత వెతికించుకుంటే అరిష్టమని శెట్లకు చెప్పాడు. పద్మాక్షి మరిది పట్టాభి తనకు వేరే దారి తెలుసన్నాడు. బెంగళూరులో అతని స్నేహితుడి దగ్గర విదేశం నుంచి తెచ్చుకున్న మిషను ఒకటి ఉందట. భూమిలో లోహం ఎక్కడున్నా కూత పెడుతుందట. నాలుగు రోజుల్లో తెస్తానన్నాడు. అందాకా ఎవరూ అటు పోకుండా మల్లేశప్ప ఆ చోట ముళ్ళకంప వేయించాడు.

మిషను వచ్చిన రోజు ఊరు ఊరంతా గట్టు మీద చేరింది. పొడుగాటి కర్రకు చివర పళ్ళెం లాంటిది, చెవులకు తగిలించుకునేవి రెండు. మల్లేశప్ప దానికి పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టాడు. అది చూసి ఓబక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. జల్లెడ చంకన పెట్టుకుని కంప దాటి పోయి ఇసుకలో కూర్చుంది. లేవమని మల్లేశప్ప గద్దించాడు.

"గంగమ్మ సొత్తు మీద చెయ్యి పడితే వాన పోతాదంటివే. ఆ మిషను పడితే పోదా? మిషనుకు లేని మైల నా జల్లెడకు యాడిది?"

మల్లేశప్ప మిషను వైపు తిరిగి, కానివ్వమని సైగ చేశాడు. పట్టాభి మాత్రం, పక్కన ఇనుప జాలీ ఉంటే మిషను ఊరికే కూస్తుందని, కాస్త దూరం జరగమని మెల్లగా అడిగాడు. పద్మాక్షి కూడా కళ్ళతోనే బతిమాలింది. ఆ పిల్ల మొహం చూసి ఓబక్క లేచి గట్టెక్కింది.

మిషను మంచి మిషనే. ఎక్కువసేపు పట్టలేదు. మూరెడు లోతున బొట్టు దొరికింది. పద్మాక్షి దాన్ని కళ్ళకద్దుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. గట్టు మీద ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఓబక్కా ఒత్తుకుంది. పని అయిపోయిందని జనం లేచారు, శెట్ల ఆడవాళ్ళు కారెక్కారు.

పట్టాభి మాత్రం మిషను దించలేదు. చెవులు కూత రుచి మరిగినట్టున్నాయి. చెలమల నుంచి తేరు నిలిపే చోటి వైపు ఊపుకుంటూ నడిచాడు. అతను చూపిన చోటల్లా మల్లేశప్ప మనుషులు తవ్వారు, దొరికింది గోనెసంచిలో వేశారు. సంచి మూతి మల్లేశప్ప చేతిలో ఉంది. సాయంత్రానికి అది చేతికి బరువైంది. అదెవరికని ఓబక్క అడిగితే, గంగమ్మకు సగం, మిషనుకు సగం అని అతని మనిషి ఒకడు నోరు జారాడు. మిగతా ఏరంతా మరునాడు చూస్తారట. పట్టాభి ఆ రాత్రికి మల్లేశప్ప ఇంట్లోనే దిగాడు.

ఓబక్క ఇంటికి పోలేదు. నేరుగా కమ్మరి కాటయ్య కొలిమి దగ్గరికి పోయింది. ఎద్దులకు ఊడిన లాడాలు, వంకరపోయిన మేకులు, బండి చక్రం పట్టాల ముక్కలు ఒక మూల కుప్పగా ఉన్నాయి. అవి కావాలంది. ఎందుకని కాటయ్య అడిగాడు. ఆమె చెప్పింది. అతను కొలిమి ఊదడం ఆపి, తానే తట్టకెత్తాడు.

ఇంకా వెలుగుంది. నీళ్ళకు పోయే వేళ. తట్ట నెత్తిన పెట్టుకుని ఓబక్క నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళందరి ముందే ఏట్లోకి దిగి, అడుగడుక్కీ ఒక మేకు ఇసుకలోకి నొక్కుతూ పోయింది. బిందెతో వచ్చిన నరసక్క నిలబడి చూసింది. ఏంది చేస్తాండావని అడిగింది.

"మిషనుకు మేత ఏస్తాండా," అంది ఓబక్క.

నరసక్క బిందె దించి వెనక్కి పోయింది. భయపడి పోయిందనుకుంది ఓబక్క. తిరిగి వచ్చినప్పుడు ఆమె కొంగు నిండా జాతరలో పారేసిన సోడా మూతలున్నాయి. ఆమె వెనక ఇంకో ఇద్దరు, వాళ్ళ వెనక ఇంకొందరు. ఒకామె అరిగిన కొడవలి తెచ్చింది, ఒకామె చిల్లుపడిన రేకు డబ్బాను ముక్కలు చేసి తెచ్చింది. పొద్దు గుంకేలోపు మిషను ఇంకా తిరగని మేరంతా ఇనుము నాటారు. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు గానీ, వేరుశనగ విత్తనం వేసే రోజుల్లో ఉండే హుషారు ఆ చేతుల్లో కనబడింది.

తెల్లవారి పట్టాభి మిషను ఎత్తుకున్నాడు. అడుగు వేస్తే కూత. తవ్వితే లాడం. ఇంకో అడుగు వేస్తే కూత. తవ్వితే సోడా మూత. ఎండ ముదిరేసరికి అతను చెవులవి పీకి మెడకు వేసుకుని, చెమట తుడుచుకుంటూ ఇసుకలో చతికిలబడ్డాడు. మల్లేశప్పకు సంగతి అర్థమైంది. గట్టు మీది జనం వైపు తిరిగి, ఇది ఎవరి పని అని అరిచాడు.

"నాది," అంది ఓబక్క.

"నాది కూడా," అంది నరసక్క. నరసక్కది పెద్ద గొంతు కాదు. మాట మాత్రం అందరికీ వినబడింది.

ఇద్దరినీ పోలీసులకు పట్టిస్తానన్నాడు మల్లేశప్ప. ఓబక్క గట్టు దిగి అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"పిలిపించన్నా. ఓబక్క ఏట్లో మేకులు పూడ్చినాదని రాసుకోమను, యేలిముద్ర ఏస్తా. నిన్న గంగమ్మ సొత్తు గోనెసంచిలో ఎవరింటికి పోయినాదో, అది కూడా దాని కిందనే రాసుకోమను."

జనంలో కదలిక వచ్చింది. సంచి మాట ఊళ్ళో చాలామందికి అప్పటిదాకా తెలియదు. ఏం సంచి, ఎక్కడుందని ముందు ఒక ముసలాయన అడిగాడు, తర్వాత అందరూ అడిగారు. మల్లేశప్ప ఎటు తిరిగినా అదే ప్రశ్న. గంగమ్మ కోసమే జాగ్రత్త చేశానన్నాడు. అయితే ఇప్పుడే తెచ్చి హుండీలో పోయమన్నారు. చేసేది లేక తెప్పించాడు. చిల్లర హుండీలో గలగలమంటుంటే పట్టాభి తన సగం అడగలేదు. మిషను మడిచి సంచిలో పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ ఓబక్క ముందు ఆగాడు. తవ్విన లాడం ఒకటి ఆమె చేతిలో పెట్టి, బస్సు దారి పట్టాడు.

ఓబక్కకు అంతా కలిసొచ్చిందని చెప్పలేం. మల్లేశప్ప చేలల్లో ఆమెకు మళ్ళీ కూలి దొరకలేదు. మరుసటి ఏడు నాలుగు చినుకులు పడి కాయ పండినప్పుడు, కోతకు ఆమె మంగళవాడ దాకా పోవాల్సి వచ్చింది. పాతిన మేకులు తీయడానికి ఆడవాళ్ళందరికీ వారాలు పట్టింది, ఎన్నో జాలీలు చిరిగాయి, కాళ్ళకు గాయాలయ్యాయి. బొమ్మన్న మందతో తిరిగి వచ్చి కథంతా విని, ఊరి పెద్దతో పెట్టుకోవడం ఎందుకని సణిగాడు. పెట్టుకున్నది మల్లేశప్పేనని చెప్పి, ఓబక్క మొగుడికి సంగటి ముద్ద వడ్డించింది.

కట్టుబాటును ఎవరూ రద్దు చేయలేదు. ఎవరూ దాని మాట ఎత్తలేదు, అంతే. తర్వాతి జాతర ముగిసిన ఉదయం ఏటిగడ్డపల్లి ఆడవాళ్ళు జల్లెడలతో గట్టు దిగారు. ఈసారి పిలవకుండానే నరసక్క ఓబక్క పక్కన చోటు చూసుకుంది. జాతర బందోబస్తుకు వచ్చి ఇంకా తిరిగి పోని కానిస్టేబులు ఒకడు లాఠీ ఊపుకుంటూ వచ్చి, ఇక్కడ తవ్వమని మీకు ఎవరు చెప్పారని గద్దించాడు. మిగతావాళ్ళ చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఓబక్క చేతులు ఆగలేదు. తల కూడా ఎత్తలేదు.

"కొంచెం ఆ పక్కకు జరుగప్పా," అంది. "నీ నీడ జల్లెడ మింద పడతావుండాది, నాకు కనపల్లేదు."

అతను జరిగాడు.